సున్నాల షిఫ్టు

బెల్‌గ్రేడ్, 1993 డిసెంబరు

నా పని సున్నాలు చూడటం.
టోప్చిడెర్ టంకశాలలో, రాత్రి షిఫ్టు.
తడి ఆరని కాగితం మీద
అన్నీ ఉన్నాయా, ఒకటేదైనా జారిపోయిందా
వేలితో లెక్కపెట్టి పక్కన పెట్టాలి.
మొన్నటిదాకా తొమ్మిది. నిన్నటి నుంచి పది.
రేపెన్నో ఫోర్‌మన్ మిలుటిన్‌కీ తెలియదు.
పైనుంచి ఫోన్ రావాలి.

సిరా అమ్మేవాడు మాత్రం
ఆ సిరాతో మేం అచ్చేసింది పుచ్చుకోడు.
జర్మన్ మార్కులు అడుగుతాడు.
మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

తెల్లవారి జీతం చేతికిస్తారు.
వెచ్చగా ఉంటుంది, అప్పుడే కాల్చిన రొట్టెలా.
ట్రామ్ ఎక్కేసరికి చల్లారుతుంది.
దిగేసరికి పాచిపోతుంది.
అందుకే పరుగు.
ఈ ఊళ్లో ఇప్పుడు ముసలివాళ్లూ పరుగెత్తుతారు.
మా కింది వాటా జివదిన్,
ముప్పై రెండేళ్లు రైలింజను నడిపినవాడు,
పోస్టాఫీసులో పెన్షన్ తీసుకుని
చేతికర్ర చంకలో ఇరికించుకుని
మంచులో పరుగెత్తాడు.
ఒక నిమ్మకాయ వచ్చింది.
కొయ్యలేదు దాన్ని. కిటికీలో పెట్టాడు.
వచ్చినవాళ్లకి చూపిస్తాడు:
"ముప్పై రెండేళ్లు. పచ్చగా ఉంది కదూ?"

వీధి మలుపుల్లో కుర్రాళ్లు
పెదవులు కదపకుండా దేవిజె, దేవిజె అంటూ
మార్కుల కోసం ఝుమ్మంటారు.
ఇంత చలిలో తేనెటీగలేమిటని
కొత్తవాడెవడైనా తలెత్తి చూడాలి.

ఇక పాల ధర.
దాన్ని కమిటీ కట్టింది.
పొడుగు బల్ల, పదకొండు మంది,
ఒక్కరి గోళ్లలోనూ పేడ లేదు.
ఇంత అని రాశారు, ముద్ర గుద్దారు, గెజిట్టుకెక్కించారు.
ఆవుకి చదువు రాదు.
రైతుకి వచ్చు. అందుకని పాలు రాలేదు.
ధర ఆకాశంలో ఉందని తిట్టుకున్న రోజులు మంచివి.
ఇప్పుడు గోడ మీదే ఉంది, చేతికందే ఎత్తులో,
అద్దం బిగించి మరీ.
దాని కింద అరలో
మూడు చీపుళ్లు, ఒక వినిగర్ సీసా.

కలెనిచ్ బజారులో గుడ్లమ్మే స్టమెనియా దగ్గరికీ
వచ్చారు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, కాగితం పట్టుకుని.
గుడ్డుకి ఇంతకు మించి తీసుకోకూడదట.
కోడి తిన్న జొన్నకే అంతకు రెండింతలు.
ఆవిడ కాగితాన్ని తిరగేసి, బోర్లేసి చూసి
"రాసినవాణ్ణే పెట్టమనండి" అంది,
"గుడ్డు."

ఆ మర్నాడు నేను వెళ్లాను.
బల్ల మీద ఏమీ లేదు. బల్ల కింద బుట్ట.
నోటు చాపితే అడిగింది:
"ఏమిటిది?"
డబ్బు.
"ఎవరన్నారు?"

నేను ఏం చెప్పను? రాత్రంతా
ఆ మాట అచ్చేస్తూ కూర్చున్నదాన్ని నేనే.
అచ్చయిందే గాని అచ్చిరాలేదు.
మేం తయారుచేసింది నోట్లోకి పోయే వస్తువు కాదు,
పొయ్యిలోకైనా సరిగా పోదు,
మండితే ఆకుపచ్చ పొగ, కళ్లు మంట.

స్టమెనియా సుద్దముక్క తీసి
కొట్టు తలుపు లోపలివైపు గీసింది.
అక్కడ సగం వీధి ఉంది.
మేకులిచ్చిన వడ్రంగి, కట్టెలిచ్చిన విధవరాలు,
పన్ను పీకిన డాక్టరు, పేరు పక్కన పదమూడు గుడ్లు.
అన్నిటి కింద నా పేరు: రదోయ్కా, ఆరు.
సంతకం లేదు, సాక్షి లేడు.
నా మొహం ఒకసారి చూసింది, అంతే.

పాత స్వెటర్ విప్పి ఆ నూలుతోనే
రెండు జతల మేజోళ్లు అల్లి పట్టుకెళ్లాను.
వేలు దూర్చి సాగదీసి చూసుకుంది.
తలుపు మీద ఆరు చెరిపి
చిన్న గుండ్రం చుట్టింది, కాస్త వంకరగా.

"సున్నా" అంది. "నువ్వు నాకేమీ బాకీ లేవు."

రాత్రికి లక్షల్లో చూసేదాన్ని,
దాన్ని చూస్తూ అక్కడే నిలబడిపోయాను,
వెనకవాళ్లు తోసేదాకా.

షిఫ్టుకి ఆలస్యమైంది. మిషన్లు ఆపి ఉన్నాయి.
మిలుటిన్ ఫోన్ పెట్టేసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ
నా వైపు చూడకుండా అన్నాడు:
"పదకొండు."