పదిహేడో నంబరు బందారు

వేకువ నాలుగున్నర. ఎర్రమట్టి దిబ్బల మీద
ఇంకా ఎరుపు పుట్టలేదు.
కింద భీమిలి రోడ్డులో ఒక్క చేపల ఆటో
దగ్గుకుంటూ విశాఖ వైపు పోయింది.
సిలిండరు నేను మోస్తాను, టార్చి మేడం పడతారు.

పదిహేడో నంబరు బందారు. నా నడుమెత్తు.
దాని వయసూ నా ఉద్యోగం వయసూ ఒకటేనని
ఎక్కడా రాయని లెక్క ఒకటి నా దగ్గరుంది.

ఒక ఆకు కోసి, ఉక్కు గదిలో పెట్టి,
కాడ మొన మాత్రం బయటికి వదిలి
గాలి ఎక్కిస్తాం.
ముల్లు కదులుతుంది.
కోసినచోట తడి మెరిసిన క్షణాన ఆపాలి.
ఎంత నొక్కితే చుక్క వచ్చిందో
ఆ అంకెనే దాని దాహం అంటాం.

శ్రావణంలో ఇట్టే చెప్పేసేది.
ఈ వైశాఖంలో ముల్లు ఎక్కుతూనే ఉంది,
చుక్క రాదు.

మేకల్ని తోలుకొచ్చిన నేరెళ్లవలస నూకరత్నం
వంగి చూసింది.
"పీక నొక్కినా సెప్పదేటి? మొండి గుంట!"

మొండితనం కాదు.
పొద్దెక్కేసరికి ఆకు అంచునే ఎండకి చూపిస్తుంది.
కంటికానని నోళ్లన్నీ పదింటికే మూసేస్తుంది,
ఆకలి సంగతి రేపు పొద్దున్న.
ఒంటికి జిగురు పూసుకుని ఉప్పుగాలిలో నిలబడుతుంది.
వేరు మాత్రం ఏనాటిదో పాత వాన జాడ పట్టి
ఇసకలో మనిషి లోతు దాటి పోతూనే ఉంటుంది.
అక్కడ బూజుపోగులతో బేరం:
నా తీపి కాస్త నువ్వు తిను,
ఆ రాతిరేణువుని అంటుకున్న భాస్వరం నాకు తెచ్చిపెట్టు.

ఇంకోటి నేనే కనిపెట్టాను.
రాలబోయే ఆకుని అది ఊరికే వదలదు.
పసుపెక్కిన నాళ్లన్నీ
లోపలి సత్తువని కొమ్మలోకి లాక్కుంటుంది.
రాలేది ఖాళీ సంచి.
మేడం నవ్వి, "అది పుస్తకాల్లో ఉందయ్యా" అన్నారు.
ఉండనీ.

నూకరత్నం చంకలో పిల్లమేక ఉంది,
ముందుకాలు వేలాడుతోంది.
"మేక మూతెట్టదు గానీ, ఇరిగిన కాలికి ఇదే కట్టు"
అంటూ నంబరు బిళ్ల పక్కనుంచే
నాలుగాకులు తుంపింది.
మేడం నోరు తెరిచి, ఊరుకున్నారు.

రాతి మీద నూరుతుంటే
మా సిలిండరుకి లొంగని తడి
ఆమె బొటనవేలి కింద
పచ్చగా ఊరింది.

తెల్లారింది. దిబ్బలు ఎర్రబడ్డాయి.
రిజిస్టరులో రాశాను:
పదిహేడు. నాలుగాకులు తక్కువ.