బయటి లంగరు

మొదట తప్పు నాదే అనుకున్నాను.
ఓడ తిప్పుతుంటే నక్షత్రాలు
కాంప్లెక్స్ ముందు సిటీ బస్సుల్లా
ఆగి ఆగి కదిలేవి.
కుడికి నొక్కితే
కాసేపు ఆలోచించుకుని కుడికి వెళ్ళేది.
ఇరవై రెండేళ్ళుగా టగ్గు మీద సరంగుని,
అరవై వేల టన్నుల బొగ్గు ఓడని
ముక్కుతో నెట్టి జట్టీకి ఆనించినవాణ్ణి,
నీళ్ళే లేని చోట
ఒక చిన్న పడవని రేవుకి చేర్చలేకపోయాను.

డాబాగార్డెన్స్‌లో మేడమెట్ల కింద నూకరాజు కొట్టు.
డబ్బా మూత విప్పి ఉఫ్‌మని ఊదాడు.
"ఏటిది సరంగు గారూ, కంప్యూటరా, ఉప్పుమడా?"
బోర్డు మీద పచ్చటి చిలుము,
స్క్రూల తలలకి తెల్లటి పూత.
మాది కోటవీధి, మూడో అంతస్తు.
కిటికీ తీస్తే హార్బరు, మూస్తే చెమట.
సముద్రం మా ఇంట్లో అద్దె కట్టకుండా ఉంటుంది,
ఇనుము కనిపిస్తే చాలు, నాకి చూస్తుంది.

"ముందు ర్యామ్ ఎయ్యండి.
ఎనిమిదిలో అంత ఆకాశం పట్టదు, పదహారుండాల."
డిసెంబరులో పదహారు వేయించాను.
ఆకాశం పట్టింది. కదల్లేదు.
ఫిబ్రవరిలో హార్డ్ డిస్కు పీకించి ఎస్సెస్డీ.
అంతకుముందు ఒక గ్రహం తెరుచుకునేలోగా
టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించేవాణ్ణి.
ఇప్పుడు టీకి టైమే లేదు.
గ్రహం చిటికెలో వస్తుంది,
ముక్కలు ముక్కలుగా.

ఇక కార్డు.
కొత్తదాని రేటు విని, విననట్టు బయటికొచ్చేశాను.
మధురవాడలో ఎవరో కుర్రాడు
పెళ్ళి కుదిరి పాతది అమ్మేస్తున్నాడట.
అట్టపెట్టె, బిల్లు, స్క్రూల పొట్లం, అన్నీ దాచాడు.
ఫ్యాను రెక్కలు పెయింటు బ్రష్షుతో తుడిచి
నా చేతుల్లో పెట్టి
తన చేతులు తీయడం మర్చిపోయాడు.
"వేడెక్కితే కొంచెం అరుస్తుందండీ. భయపడకండి."
బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
హనుమంతవాక గతుకుల దగ్గర
రెండు అరచేతులూ దాని కింద ఆనించాను.

నూకరాజు మళ్ళీ మూత విప్పి తల అడ్డంగా ఊపాడు.
"ఈ పవర్ సప్లై దీన్ని లాగనేదు.
ఓడ పెద్దదీ, టగ్గు సిన్నదీ."
ఆ మాట నాతో అన్నాడు, నాతో!
గోచీని ఎలకలు కొరక్కుండా పిల్లిని పెంచి,
పిల్లి పాలకి ఆవుని కొన్న సన్యాసి
నాకు వరసకి అన్నయ్యవుతాడు.
మా కనకం ఏమీ అనలేదు.
ఖర్చుల పుస్తకంలో
కందిపప్పు, గ్యాసు, చేపలు,
వాటి కింద గుండ్రటి అక్షరాలతో
ఆకాశం, నాలుగువేల ఎనిమిది వందలు
అని రాసుకుంది.

ఆ రాత్రి స్టేషను కనబడింది.
ఇన్నాళ్ళూ బూడిదముద్దలా ఉన్నదానికి
కిటికీలున్నాయి, కిటికీల్లో దీపాలు,
ఒక మూల పెయింటు పెచ్చులూడి
కింద తుప్పు!
దీన్ని గీసినవాడెవడో
రేవులో తిరిగినవాడే.
ఇంజను తగ్గించాను.
అలవాటుగా గాలి ఎటునుంచో అని చూశాను.
గాలి లేదు.
పోటా, పాటా?
నీళ్ళే లేవు కదా.
కాళ్ళు మాత్రం నమ్మలేదు,
ఎడంగా పెట్టుకుని గచ్చుని గట్టిగా పట్టుకున్నాయి.
నలభై మీటర్లు. ఇరవై. పది.
తాడు అందుకోవడానికి అవతల ఎవడూ లేడని
అప్పుడు తట్టింది.

కరెంటు పోయింది.
యూపీఎస్ రెండుసార్లు కీచుమని ఊరుకుంది.
దాని బ్యాటరీ సంగతి
నూకరాజు మార్చిలోనే చెప్పాడు.
కనకం నిద్రలోంచి అడిగింది,
"చేరిపోయావా?"
"పది మీటర్లు" అన్నాను.

డబ్బా మీద చెయ్యి వేశాను,
పని దిగిన ఇంజను గదిలా వెచ్చగా ఉంది.
కిటికీ తీస్తే వన్‌టౌనంతా నలుపు.
కొండ మీద లైట్‌హౌస్ మాత్రం
తన వంతు తాను తిరుగుతోంది.
బయటి లంగరులో పదకొండు ఓడలు
దీపాలు పెట్టుకుని బెర్తు కోసం కాసుకున్నాయి.
వాటిలో ఒకటి పొద్దున్న ఐదున్నరకి నాది,
ఏదో ఇంకా తెలీదు.

ఉప్పుగాలి లోపలికొస్తోంది.
డబ్బా కోసం కిటికీ మూసేశాను.
కాసేపటికి చెమటపట్టి
కనకం లేచి తీసేసింది.