కూరకు కొయ్యని కాయ

కోళ్ల షెడ్డు మీదికి పాకించిన తీగకు
ఈ యేడు ఏడు కాయలు.
నాలుగు కూరకు పోయినయి.
మూడింటికి ఎర్రదారం కట్టిన.
ఇవి ఫెయిల్ బోరోళ్లవి, ముట్టినోని చెయ్యి విరుస్త అని
మనుమనికి చెప్పిన, మా ఆయనకు గూడ చెప్పిన.

ఫెయిల్ బోరంటే బ్యాండు.
మర్రిగూడల పర్వతాలు నాలుగుసార్లు బోరేసిండు.
నాలుగుసార్లు దుమ్మే లేచింది.
అప్పు మిగిలింది, కేసింగు పైపులు మిగిలినయి.
ఒకనాడు కోపానికొచ్చి పాత చెప్పుతోని
పైపు మూతి మీద కొట్టిండట.
ఆరొందల అడుగుల కింద ఎవరో
"ఊఁ" అన్నరట.

ఆ "ఊఁ" కోసమే మేము బస్సులు మారి పోతం.

చెంద్రకళ జమిడికె చంకల ఇరికించి నరం గుంజితే
దొడ్ల మేకపిల్ల తల్లిని పిలిచినట్టుంటది.
షాహీన్ గిటారుకు కరెంటు కావాలె,
ఆ పిల్ల మాత్రం ఎవరితోని మాట్లాడది.
కుర్మన్న కిన్నెరకు తీగలు
మోటరుసైకిల్ క్లచ్చు వైరు విప్పి తీసినవి,
మెట్లకు మాత్రం తేనెమైనమే, తాత పెట్టినట్టే.

మేమెంతమందిమి? ముప్పై, ముప్పై అయిదు.
కల్వకుర్తి డిపోల రిటైరయిన కండక్టరమ్మ,
జిన్నింగుమిల్లు హమాలీ మాసయ్య,
పంచర్ల జానిమియా, ఇద్దరు పాలిటెక్నిక్ పోరగాండ్లు.
పాటలకు పేర్లు లేవు.
"పొయిన్సారి కొల్లాపూర్‌ల కొట్టింది!" అని ఒర్లుతం,
వాళ్లు ఇంకోటి కొడతరు.

మొన్నటి ఎండకాలం దేవరకొండ మార్కెట్ యార్డుల
కిన్నెర నడిమి బుర్ర పగిలింది.
కుర్మన్న ఆపలే. పగులుకు బొటనవేలు అడ్డంపెట్టి
ఆఖరుదాక వాయించిండు,
గొంతుల ముల్లిరిగినోడు పాడినట్టు.

అయిపోయినంక వచ్చి మా చాప మీదనే కూసున్నడు.
"బుర్రలు యాడ దొరుకుతున్నయక్క,
అందరు హైబ్రీడు గింజలు పెట్టబట్టిరి,
ఆ కాయ పొడుగుంటది, కడుపుండది."

ఇంటికొచ్చి ఉట్టి దించిన.
మా అత్త కట్టిపెట్టిన పాతగుడ్డ ముల్లె,
అండ్ల గుండుసొర గింజలు పదకొండు.
ఎన్నేండ్లవో, మొలుస్తయో లేదో.
రెండే మొలిచినయి.
ఒకటి కోడి గీకింది.

ఇప్పుడు రాత్రి అందరు పండుకున్నంక
నిచ్చెనెక్కి ఒక్కో కాయను వేలితోని కొట్టి చూస్త.
రెండు ఎండినయి, గింజలు గలగలంటయి.
మూడోది బరువు తగ్గలే.
ఊపితే లోపల సప్పుడు.

పొద్దున పర్వతాలుకు ఫోన్ చెయ్యాలె,
నీళ్లు పడ్డయని.