గడియ

లా పాజ్ నగరం నెత్తిమీద ఎల్ ఆల్తో.
ఇక్కడ గాలి పల్చన. పిల్లల వార్డులో
నా ఉద్యోగం మాటలు మోయడం.
డాక్టర్ ఇరిగోయెన్ స్పానిష్‌లో దించుతాడు,
నేను అయ్‌మారాలోకి ఎత్తుకుంటాను.
కొన్ని బరువుండవు: పచ్చకామెర్లు, దద్దుర్లు, గజ్జి.
కొన్నింటిని దారిలో కింద పెట్టి
ఎక్కడ పట్టు దొరుకుతుందో వెతుక్కోవాలి.

ఇవాళ మూడో బల్ల మీద ఎలూతెరియో తికోనా.
ఎనిమిది నెలలు, ఐదు కిలోల నూట యాభై.
గులాబీరంగు త్రాసులో వెల్లకిలా పడుకుని
ట్యూబ్‌లైటుతో ఏదో తగువు పడుతున్నాడు.

గోడమీది పటంలో
అన్నిటికన్నా కింది గీతకి ఇంకా దిగువన
డాక్టరు చుక్క పెట్టాడు. ఒక మాటన్నాడు.
ఆ మాటకి ముందు సగం వైఫల్యం,
వెనక సగం ఎదుగుదల.
ఆయనకది చుక్క పేరు, అంతే.
కానీ బాసిలియా నా నోటి వంక చూస్తోంది.
వైఫల్యం అంటే ఎవరిదని అడుగుతుంది.
పాలిచ్చింది తను.
ముందు సగాన్ని నాలుక కింద దాచేశాను.
"ఎదుగూ బొదుగూ లేదు, ఎందుకో చూస్తున్నారు" అన్నాను.
ఇరవై రెండేళ్ల కొలువులో
నేను చేసిన దొంగతనాలన్నీ ఇలాంటివే.

ఆయన మాడు తడిమాడు.
దాని పుస్తకం పేరుకి చిన్న ఊట అని అర్థమట.
బాసిలియాకి పేరుతో పని లేదు,
రోజూ పొద్దున్నే అక్కడ చెంప ఆనించి
జ్వరం చూసుకుంటుంది.

ఆ పైన స్టెతస్కోపు. ఎడమ మెడ ఎముక కింద
చాలాసేపు.
"ఊదుతోంది" అన్నాడు.
స్పానిష్‌లో గుండెకి ఆ మాటే, వేడి టీ మీద ఊదినట్టు.
ఈ రకానికి మాత్రం యంత్రపు చప్పుడని పేరుందట,
మధ్యలో ఆగదు గనక.

కాగితం మీద రెండు గొట్టాలు గీశాడు,
నడుమ ఒక సందు.
కడుపులో ఉన్నంతకాలం నెత్తురు ఆ అడ్డదారినే పోతుంది.
తొలి ఏడుపుతో లోపలికి గాలొస్తే
రెండుమూడు రోజుల్లో అది మూసుకోవాలి.
ఈ ఎత్తులో గాలి చాలక
కొందరికి మూసుకోదు.
దీనికాయన చెప్పిన పేరు మూడు లాటిన్ ముక్కలు.
మూడూ రాళ్లలా నా ఒళ్లో పడ్డాయి.

"లోపలొక తలుపుంది" అన్నాను.
"పుట్టగానే గడియ పడాలి.
పడాల్సిన గడియలో పడలేదు."

బాసిలియా మొదటిసారి నిటారుగా కూర్చుంది.
గురువారాలు, ఆదివారాలు సంతలో
ఆమె అమ్మేవి తాళాలు, బోల్టులు, మడతబందులు.

"ఏ వైపు నుంచి తోస్తోంది?"
డాక్టరు కలం ఆగింది.
"పెద్ద గొట్టం నుంచి ఊపిరితిత్తుల్లోకి."
"చట్రం బాగానే ఉందా?"
"బాగుంది."
"సందెంత?"
"నాలుగు మిల్లీమీటర్లు."
చిటికెన వేలి గోరు చూసుకుంది.
"ఆ మాత్రానికి బిరడా చాలు" అంది.
ఆయన అనబోయే మాట అదే.
"ఏ ఇనుముతో చేస్తారు? తుప్పు పడుతుందా?"
ఆ లోహం పేరు నాకు ఏ భాషలోనూ తెలీదు.
పడదని చెప్పి ఆయన పేరు రాసిచ్చాడు.
ఆమె చదువుకోలేదు.
కాగితం మడిచి టోపీ లోపలి అంచులో దోపుకుంది,
సరుకు తెచ్చేవాణ్ణి అడుగుతుందేమో.

వినాలంది.
అలా ఇవ్వకూడదు. ఆయన చెవుల్లోంచి తీసి ఇచ్చాడు.
ఎలూతెరియో ట్యూబ్‌లైటుని వదిలేసి
నల్ల గొట్టం పట్టుకుని లాగాడు.
ఆమె కళ్లు మూసుకుంది. బయట ఎవరో తోపుడుబండి మీద
ఆక్సిజన్ సిలిండరు దొర్లిస్తున్నారు, అది దాటిపోయేదాకా ఆగింది.

"మినీబస్సు గుమ్మంలో వేలాడే కుర్రాడు వీడు" అంది,
"సేహా, సేహా, సేహా, సేహా,
కూడలికి జనాన్ని పిలుస్తున్నాడు,
ఊపిరైనా తీసుకోడే వెధవ!"
నవ్వింది. పళ్ల వరసలో వెండిపన్ను మెరిసింది.

"ఏమంటోంది?" డాక్టరు అడిగాడు.
బరువేమీ లేని మాట, ఒక్క చేత్తో అందించొచ్చు.
చెప్పడానికి మాత్రం
కొంచెం ఆలస్యం చేశాను.