గోరు తట్టుకున్న చోటు

ఫిబ్రవరి చివర, క్రామ్‌ఫోర్స్‌లో
గ్యారేజీ తలుపు కింద మంచు గట్టిపడి
పారతో పొడిస్తే తప్ప కదలడం లేదు.
లోపల చిన్న కట్టెల పొయ్యి,
పక్కన స్టాండు మీద, కొంచెం ఒరిగి,
మా పెద్దమ్మ ఇంగెగెర్డ్
ఊరూరా ఉత్తరాలు పంచిన వోల్వో తాలూకు ఇంజను.

మూడు పిస్టన్లు దిగాయి.
మూడింటికీ రాడ్డు బోల్టుల కొసలకు
రబ్బరు గొట్టం ముక్కలు తొడిగాను,
చలికి పిల్లల చేతులకు తొడుగులు వేసినట్టు.
నాలుగోదానికి మరిచాను.
కాఫీ చల్లారిపోతోందని తొందర.
అంతే. అంతకు మించి కారణం వెతికినా దొరకదు.

సుత్తి కర్రపిడితో పిస్టన్ తల మీద రెండు తట్లు తట్టాను.
మూడో తట్టుకి కింద ఎక్కడో
టిక్.

పెద్ద చప్పుడేం కాదు.
గోడ గడియారం అంతకన్నా గట్టిగానే అంటుంది.
కానీ ఇనుముతో మసలినవాడికి తెలుసు
ఏ చప్పుడు పనిదో, ఏ చప్పుడు దెబ్బదో.

"టార్చి తిన్నగా పట్టుకోమన్నానా!"
అరిచాను తూవా మీద.
పద్నాలుగేళ్ల పిల్ల.
టార్చి తిన్నగానే ఉంది.
ఆ సంగతి దానికి తెలుసు, నాకు తెలుసు,
నోరుంటే ఇంజనూ చెప్పేది.
టార్చి బల్ల మీద పెట్టి
కోటు గుండీలు పెట్టుకోకుండానే వెళ్లిపోయింది.

పిస్టన్ పైకి లాగి చూశాను.
అద్దంలా మెరిసే క్రాంకు మెడ మీద
నువ్వుగింజలో సగమంత గాటు.
గుడ్డతో తుడిచాను, పోలేదు.
నూనె రాసి తుడిచాను, ఇంకా బాగా కనబడింది.
కళ్లు మూసుకుని గోరు జరిపాను.
తట్టుకుంది.
గోరంత అంటారే, సరిగ్గా అంత.
ఆ గోరంత మీద లెక్కలు లేచి నిలబడ్డాయి:
క్రాంకు విప్పాలి, సుండ్స్‌వాల్ మోసుకెళ్లాలి,
సాన పట్టించాలి, బేరింగులు మళ్లీ కొనాలి,
ఈ వసంతం ఇక బస్సులోనే.

పక్కింటి హిల్డింగ్ వచ్చాడు, పిలవకుండానే.
(పిలిచింది తూవా అని తరవాత తెలిసింది.)
కాగితపు మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు
లేతు ముందు నిలబడ్డ మనిషి.
ఎడమ చూపుడువేలికి చివరి కణుపు లేదు.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
ఆ మొండి వేలితోనే గాటుని తడిమాడు, చాలాసేపు.

"గుంట ఏమీ చెయ్యదు," అన్నాడు.
"గుంటలో నూనె నిలుస్తుంది, అంతే.
చెరిచేది గుంట అంచున లేచిన గట్టు.
తిరిగిన ప్రతిసారీ బేరింగుని గీరుతుంది.
గట్టు తియ్యి. గుంట జోలికి పోకు."

జేబులోంచి సానరాయి తీశాడు,
అరిగిన సబ్బుబిళ్లలా ఉంది.
క్రాంకు నూనె రంధ్రంలో గుడ్డపీలిక కుక్కాడు, పొడి లోపలికి పోకుండా.
రాయి మీద చుక్క నూనె వేసి
నేను చాచిన చేతిని చూడనట్టే
తూవాకి ఇచ్చాడు.

మెడ గుండ్రం వెంట, పిల్లిని నిమిరినట్టు,
అది రాయి నడిపింది.
నాలుగు సార్లు రుద్దడం, తుడవడం, గోరు జరపడం.
తట్టుకుంది.
మళ్లీ.
నేను టార్చి పట్టుకున్నాను.
"తిన్నగా పట్టుకో నాన్నా," అంది తలెత్తకుండా.
నిజంగానే వెలుగు కాస్త వణుకుతోంది.

పదోసారో పదిహేనోసారో దాని గోరు జారిపోయింది.
నా గోరూ జారింది.
గాటు మాత్రం అక్కడే ఉంది, నల్లని చిన్న చుక్క,
కంటికి కనబడుతూ వేలికి అందకుండా.

"ఇందాక టార్చి తిన్నగానే ఉంది," అన్నాను.
"తెలుసు," అంది.
రబ్బరు ముక్కలు రెండూ నా అరచేతిలో పెట్టి
నేను తొడిగేదాకా చూసింది.

ఈసారి పిస్టన్ చప్పుడు లేకుండా దిగింది.
క్రాంకుని చేత్తో ఒక చుట్టు తిప్పాం,
నాలుగు తలలూ వంతులవారీగా లేచి వంగాయి.
కాఫీ ఎప్పుడో చల్లారి మీగడ కట్టింది.
హిల్డింగ్ దాన్ని అలాగే తాగేసి
మూతి తుడుచుకుని,
సానరాయి అడగడం మరిచి వెళ్లిపోయాడు.