ట్యాంకుకు అరవై

ఇరవై లీటర్ల ట్యాంకు. ట్యాంకుకు అరవై రూపాయలు.
ముక్కుకు ఒక తువ్వాల, అది నాదే.
గూడెప్పాడు నుంచి శాయంపేట దాక
ఎవల చెల్కల గడ్డి మొలిచినా
ముందుగాల మోగేది ఈ మొగిలి ఫోనే.

పత్తి మోకాలెత్తు లేచేటప్పటికి
సాళ్ల నడుమ తుమ్మి తెల్లగ పూసి ఉంటది,
గట్టు పొంటి గడ్డిచామంతి, గునుగు, ఉత్తరేణి.
వెనకట ఇరవై మంది ఆడోళ్లు
కొంగులు నడుముకు చెక్కి వరుసగ వంగేది.
వాళ్ల చేతులకు కండ్లుండె.
సాలుల గడ్డిని పీకేది,
గట్టు మీది పూలను గట్టుకే ఇడిచేది.
నా పైపుకు కండ్లు లేవు.
పేరు రాయని సంచుల గింజ, మందుకు చావని పత్తి,
అదొక్కటి తప్ప పచ్చగున్నదంతా
మూడోనాటికి పసుపు, వారానికి మట్టి రంగు.
"సాఫైందిరా" అంటడు సమ్మిరెడ్డి పటేలు,
గట్టు మీద నిలబడి, చెప్పులు చేతుల పట్టుకొని.

నిరుడు బతుకమ్మకు నా బిడ్డ గునుగు కావాలన్నది.
ఊరంత తిరిగినా దొరకలే.
హన్మకొండ చౌరస్తల కట్టకు ముప్పై పెట్టి కొన్న.
సగం ట్యాంకు పైసలు.

ఆ సాఫైన చెల్క అవుతల, కానుగ చెట్ల కింద
వనక్క పెట్టెలు పన్నెండు.
సంఘంల లోను తీసి తెచ్చుకున్నది,
నీలం రంగు తనే వేసుకున్నది.
దీపావళికి నాకొక సీసా తేనె ఇస్తే
"మందు సీసా కడిగి పోసినవా అక్కా" అని నవ్విన.
ఆమె నవ్వలే.

ఈగలు చస్తే ఎరుకైతుండె.
పెట్టె ముంగట రాలితే ఊడ్చి చేటల పోసి
పంచాయితీల పెట్టేది వనక్క.
చావలే.
పొద్దున పోయినయి పొద్దుగూకినా రాలే.
వచ్చినయి కొన్ని, తాగినోడు పక్కింటి తలుపు కొట్టినట్టు
ఏ పెట్టె తమదో తెలువక గాలిలనే ఆగినయి.
"మన పెరుగుల ఉన్నట్టు వాటి కడుపుల
మంచి పురుగులుంటయట మొగిలీ,
గవ్వి పోతున్నయట" అన్నది, ట్రైనింగుల విన్నదట.
గడ్డికి కొట్టిన మందు ఈగ కడుపు దాక ఎట్ల పోతది?
డబ్బా మీద గడ్డి బొమ్మే ఉన్నది కద.

తేనె కొనేటందుకు వచ్చిన హన్మకొండ షావుకారు
ఒక సీసా హైదరాబాదుకు పరీక్షకు పంపిండు.
కాగితం వచ్చింది.
మూడంకెలు, పక్కన మైక్రోగ్రాములు,
కింద ఒక్క ముక్క: తీసుకోలేము.
ఆమె చదివి నాకిచ్చింది. ఏమనలే.
మందు పేరు ఇంగ్లీషుల ఉన్నది గని
ఆ అక్షరాలు నాకు గుడ్డిగ వస్తయి,
దినాం మూత తిప్పే చెయ్యి కద.
మడత పెట్టి ఇచ్చేసిన.
మడతల్నే నా ఏలిముద్ర.

ఆ రాత్రి ఇంట్ల అందరు పండుకున్నంక
సీసాల ఏలు ముంచి నాకిన.
తియ్యగనే ఉన్నది.
మల్లొక్కసారి నాకిన.
తుమ్మి వాసన, అడుగున కానుగ చేదు జరంత.
మందు యాడున్నదో నాలుకకు దొరకలే.
మొత్తం చేదైపోయుంటే ఎంత బాగుండు.

నిన్న పటేలుది పది ట్యాంకుల చెల్క.
తొమ్మిది కొట్టిన.
కానుగల దిక్కు నాలుగు సాళ్లు, గట్టు మొత్తం మిగిలింది.
పదోదాంట్ల మందు కలుపలే.
బాయి నీళ్లు పోసుకొని, పైపు ఊపుకుంట,
ఎప్పటి లెక్కనే నడిచిన.
ఆరు వందలు లెక్కపెట్టి తీసుకున్న.
అరవై దొంగతనం.
ఇన్నేండ్లల్ల మొదటిసారి, భయం కాలే.

ఎండ ఎక్కింది. తుమ్మి ఆకుల మీద నీళ్ల బొట్లు.
ఒక ఈగ వచ్చి వాలింది, బొట్టుల మూతి పెట్టింది.
దాని వెనక ఇంకోటి.
పోరగాని లెక్క సంబరపడుకుంట చూస్తున్న.
అప్పుడు యాదికొచ్చింది,
ట్యాంకు కడగలేదని.