యే గుంట?

రాత్రి రెండుంపావు.
పొగతోటలో, మందుల షాపు మీది మా గదిలో
తెర మీద ఒకటే మాట, ఎక్కిళ్ళలా:
ఆక్సిజన్ తగ్గింది.
ఆక్సిజన్ తగ్గింది.
ఆక్సిజన్ తగ్గింది.

ఆ వాక్యం రాసింది నేనే,
ఎండాకాలం ఒక మధ్యాహ్నం, టీ చల్లారేలోపు.
అప్పుడు లోటేమీ కనపడలేదు.
కర్త ఉంది, క్రియ ఉంది,
చివర చుక్క కూడా పెట్టాను.

గంగపట్నం నుంచి ఫోను.
సముద్రపు గాలి సగం తినేసిన మస్తానయ్య గొంతు:
"తగ్గితే తగ్గింది లేబ్బా,
యే గుంట?"

పద్నాలుగు గుంటలు.
పద్నాలుగింటికీ ఒక్క నోరే పెట్టాను.
చీకట్లో గట్టు మీద ఒక మనిషి, ఒక టార్చి,
ఒకటో గుంట నుంచి మొదలుపెట్టాడు పాపం.
తెల్లారేసరికి పదకొండో గుంట అంచున
మీసాలు గట్టుకానించి వనామీ,
నాలుగు టన్నులు.
కాకులకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది
యే గుంటో.

ఆ వారం ట్యాగులు రాశాను.
మాటకు ముందు చిన్న చిన్న ఖాళీలు.
గుంట నంబరు, పంట రోజు,
కరెంటా జనరేటరా, కాపలా ఎవరు.
ఆ ఖాళీల్లో నా చేత్తో ఏదీ నింపను.
మాట పుట్టే క్షణానికి అక్కడ ఏది నిజమో
అదే వచ్చి కూర్చోవాలి.

"పెళ్ళిపత్రిక మీద పేరుకి చోటు వదిలినట్టా?"
అడిగాడు మస్తానయ్య.
అట్లాంటిదే అన్నాను.
ఆయన లెక్క ఆయనకుంది.
చెక్‌ట్రే తాళ్ళకు గుడ్డపీలికలు కడతాడు,
మేత తిన్న గుంటకు పచ్చది, మిగిల్చిన గుంటకు ఎర్రది,
పొద్దున కట్టి మాపటికి విప్పుతాడు.
కట్టడం వరకే విన్నాను నేను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
[గుంట 6] ఆక్సిజన్ తగ్గింది.
ఆరుకు పరుగెత్తాడు. ఆరు నిక్షేపంలా ఉంది.
[గుంట 6] ఆక్సిజన్ తగ్గింది.
మళ్ళీ ఆరు. మళ్ళీ నిక్షేపం.
మూడోసారి ఫోను జేబులో పెట్టేసి
వానలో నిలబడి నీళ్ళ వాసన చూసి
తిన్నగా తొమ్మిదికి పోయాడు.
తొమ్మిదో గుంట ఊపిరాడక పైకి లేస్తోంది.
డీజిల్ ఇంజను తిప్పి తిప్పి
చేతి చర్మం ఊడిందట, తర్వాత తెలిసింది.

తప్పు నాకు దొరికేసరికి పాల ప్యాకెట్లు వచ్చాయి.
ఆరో గుంట కబురు మోసిన దారమే
అలసట తెలియని కూలిలా
తొమ్మిదో గుంట కబురుకీ పోయింది,
మెడలో ఆరో నంబరు బిళ్ళ తీయకుండానే.
కట్టింది నేను.
విప్పే వరుస రాయలేదు. ఒక్క వరుస.
"పీలిక మర్చిపోయినావు," అన్నాడాయన.
తిట్టుంటే బాగుండేది.

ఇంకొకటి ఆయనకి చెప్పనేలేదు.
కాపలా ట్యాగు ఒక్కటీ ఖాళీగా వదల్లేదు నేను.
ఎప్పుడూ ఆయనేగా అని
గోడ మీద తారుతో రాసినట్టు పేరే కొట్టేశాను.

మాఘంలో మానేశాడు. మోకాళ్ళు, ఉప్పునీళ్ళు.
ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.
పందొమ్మిది రాత్రులు
గట్టు మీద ఇంకెవరో మంచులో తిరుగుతుంటే
నా తెర మాత్రం [కాపలా మస్తానయ్య],
[కాపలా మస్తానయ్య].

ఇవాళ ఆ పేరు చెరిపి
ఖాళీని హాజరు పట్టీ వైపు తిప్పాను.
కాసేపు బోసిగా ఉంది. చూడలేక లేచి నీళ్ళు తాగాను.
వచ్చేసరికి
[గుంట 11] [రోజు 23] [కరెంటు] [కాపలా చెంగల్రాయుడు]
అంతా సరిగ్గా ఉంది.

చెంగల్రాయుడంటే ఎవరో తెలియదు.
ఉండబట్టలేక ఫోను చేశాను.
నిద్రమొహం కాదు, పరుగులో ఉన్న గొంతు:
"యే గుంట సార్?"

ఏ గుంటా కాదు, అన్నాను.
నీకు టార్చి ఇచ్చారా?